ముల్లు కదలని మీటరు

“చెల్లెమ్మా, మీ గొంతు అసలు అందటం లేదు. ఓసారి బావగారిని మీటరు చూడమనండి. ఓవర్.”

రేడియో స్పీకర్లోంచి క్లబ్బు ప్రెసిడెంటు గారి మాట తేనె పూసుకుని వచ్చింది. అద్దాలక్కకి ఒళ్ళు మండిపోయింది. బావగారంట! ఆ బావగారు వీధి చివర టైలరు. ఆయనకి తెలిసిన మీటరు బట్ట కొలిచేదొక్కటే. పరీక్ష రాసింది అద్దాలక్క, లైసెన్సు వచ్చింది అద్దాలక్కకి, డాబా ఎక్కి తీగ కట్టింది అద్దాలక్క. అయినా ఏ చిన్న తేడా వచ్చినా ఆ హామ్ రేడియో క్లబ్బులో మగాళ్ళందరూ ఇంట్లో మగాణ్ణి పిలవమంటారు. నీళ్ళ కుళాయి బాగుచేసేవాడు కూడా ఇంతే, గ్యాసు తెచ్చేవాడూ ఇంతే. రేడియోలోనైనా మనిషి కనిపించదు కదా, గొంతునీ పనినీ చూసి మాట్లాడతారని ఆశపడింది. గొంతు విన్నాక అంతకంటే ఘోరంగా తయారయ్యారు.

ఆమె కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. అందుకని రేడియోలో అందరూ అద్దాలక్క అంటారు. ప్రెసిడెంటొక్కడే చెల్లెమ్మా అంటాడు. వృత్తికి లాయరు. ఇంటి మీద ఇనప టవరు, దాని మీద పెద్ద యాంటెనా, గొంతులో అధికారం, మూడూ ఉన్నాయి. రోజూ పొద్దున సభ్యులందరూ రేడియోలో ఒకచోట చేరతారు. ఒకరు కంట్రోల్లో కూర్చుని హాజరు పిలుస్తారు. పిలుపు అందుకున్నవాళ్ళు ఒక్కొక్కరే పలుకుతారు. ఆ కంట్రోల్ కుర్చీలో ప్రెసిడెంటు ఏళ్ళ తరబడి పాతుకుపోయాడు.

మామూలు రోజుల్లో ఎవరు కూర్చుంటేనేం అని అద్దాలక్క కూడా అనుకునేది. నిరుడు తుఫాను వచ్చాక అనుకోవటం మానేసింది.

ఆ రోజు ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. కరెంటుతో పాటు ప్రెసిడెంటు టవరూ మూగబోయింది. జనరేటరు కొంటానని అంతకు ముందు ఏడాది పొడుగూతా చెబుతూనే ఉన్నాడు మహానుభావుడు. అద్దాలక్క దగ్గర మాత్రం బ్యాటరీ ఉంది. దీపం లేని గదిలో రేడియో ముందు కూర్చుంది. కొండ ఆసుపత్రి నుంచి కాంపౌండరు, క్లబ్బు సభ్యుడే, పిలుస్తున్నాడు. క్వారీలో రాయి పడి ఒక మనిషి కాలు నలిగింది, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి, అంబులెన్సుకి ఏ దారి మంచిది అని. అవతల వైపు నుంచి ఇంకో సభ్యుడు, లారీ డ్రైవరు, తన లారీ రేడియోలో చెబుతున్నాడు, వంతెన మీద నీళ్ళు పారుతున్నాయి, ఎవరూ అటు రావద్దు, మిల్లు రోడ్డున రండి అని. మధ్యలో కొండ అడ్డం. వాళ్ళిద్దరికీ ఒకరి మాట ఒకరికి అందదు. ఇద్దరి మాటా అద్దాలక్కకి స్పష్టంగా అందుతోంది. ఆమె చేయవలసిందల్లా ఒక ముక్క ఇటు నుంచి అటు చెప్పటం.

చెప్పింది. గొంతు చించుకుని చెప్పింది. ఇద్దర్లో ఒక్కడికీ వినిపించలేదు. అంబులెన్సు వంతెన దాకా పోయి, నీళ్ళు చూసి, వెనక్కి తిరిగి, చుట్టు తిరిగి వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. మనిషి దక్కాడు. కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

తర్వాత జరిగిన క్లబ్బు మీటింగులో ప్రెసిడెంటు జనరేటరు ఊసెత్తలేదు. “ఆ రోజు ఒకే ఒక్క స్టేషను పనిచేసింది. అది కూడా ఉండీ లేనట్టే,” అన్నాడు. అందరూ అద్దాలక్క వైపు చూశారు. ఆమె తల దించుకుంది. అదే ఇప్పటికీ ఆమెకి కడుపులో మంట. తల ఎందుకు దించుకోవాలి?

ఇప్పుడు మళ్ళీ వానలు మొదలు కాబోతున్నాయి. ఈ వానాకాలానికి కంట్రోల్ ఎవరిదో ఆదివారం సాయంత్రం తేలుతుంది. బరిలో ఇద్దరే, ప్రెసిడెంటూ ఆమే. ఇద్దరూ పిలవాలి, సభ్యులంతా ఎవరి గొంతు ఎలా అందిందో చెప్పాలి. ఈసారి కూడా అందకపోతే అద్దాలక్క ఇక తుఫాను రోజున వింటూ కూర్చోవాల్సిందే, మైకు ముట్టుకోవటానికి లేదు. ఆ నియమం రాసింది కూడా ప్రెసిడెంటే. మళ్ళీ ఎవడో కాపాడమని అరుస్తుంటే, తనకి దారి తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చోవటం తనవల్ల కాదని ఆమెకి తెలుసు.

శనివారం షాపుకి సెలవు పెట్టింది. రేడియోని టేబుల్ మీంచి ముందుకి లాగి, చీర కొంగు నడుముకి చుట్టుకుని మొదలుపెట్టింది.

ముందు రేడియో. దానికి డమ్మీ లోడ్ తగిలించింది. అది గాలిలోకి ఏమీ పోనివ్వకుండా, ఇచ్చిన శక్తినంతా మింగి వేడెక్కే డబ్బా. రేడియో పూర్తి శక్తి ఇస్తోంది. రేడియో మంచిదే. బ్యాటరీ చూసింది, మంచిదే. మైకు విప్పింది, ఊదింది, బిగించింది. అదీ మంచిదే.

ఇక మీటరు. పంపిన శక్తిలో ఎంత యాంటెనా ఒప్పుకోకుండా వెనక్కి తిప్పి కొడుతోందో ఆ మీటరు చూపిస్తుంది. ముల్లు అడుగున పడుకుని ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. లేచి నిలబడితే ఎక్కడో చెడినట్టు. ఈ రేడియో జాతి మనుషులకి ఆ ముల్లంటే ఎంత నమ్మకమంటే, ఒంట్లో బాగోకపోయినా ముందు దాన్నే చూసుకుంటారేమో. మీటరే చెడిందేమోనని ఆమె వెనకాల కేబుల్ పీకి చూసింది. ముల్లు చివాలున లేచింది. కేబుల్ పెట్టింది. మళ్ళీ పడుకుంది. మీటరూ మంచిదే.

“మరి చెడిందేంటి?” అన్నాడు టైలరు, గుమ్మంలో నిలబడి. పాపం ఆయన కూడా ఆ రోజు షాపు తొందరగా కట్టేసి వచ్చాడు.

“ఏదీ చెడలేదు. అన్నీ బాగున్నాయి. నా గొంతొక్కటే బయటికి పోవట్లేదు.”

“అంటే నీ గొంతు బాలేదా?”

ఆమె చూసిన చూపుకి ఆయన టీ పెట్టే మిషతో వంటింట్లోకి జారుకున్నాడు.

సలహాలకి కొదవ లేదు. తోటి సభ్యుడొకాయన మీ ఇల్లు పల్లంలో ఉందన్నాడు. ఇంకొకాయన రేడియో తరంగాలు సూర్యుణ్ణి బట్టి పోతాయి, ఈ ఏడాది సూర్యుడే బాలేడన్నాడు. సూర్యుడు వాళ్ళింటి మీద బాగుండి ఈ ఇంటి మీదే బాలేడా అని ఆమె ఎదురడిగితే, ఫోను పెట్టేశాడు. అందరూ చివరికి ఒకటే ప్రశ్న, “మీటరు ఏమంటోంది?” బాగుందంటోంది అని చెప్పగానే, “అయితే యాంటెనా, కేబుల్ రెండూ బాగున్నట్టే కదమ్మా,” అనేవారు. ఆమె కూడా అదే నమ్మింది. ఆమె నేర్చుకున్నదీ అదే.

పక్కింటావిడకి కోపం వచ్చి డాబా మీది తీగలవల్లే తన మిక్సీ కాలిపోయిందని వచ్చి దులిపేసి పోయింది. గొంతు కొండ దాటట్లేదని తనేడుస్తుంటే, పక్కింటి మిక్సీని కాల్చేంత శక్తి దానికుందని ఈవిడ గోల.

ఆదివారం పొద్దున డాబా ఎక్కింది. రెండు తీగలు గుడారం తాడులా ఇటూ అటూ దిగి ఉన్నాయి. ఆ రెండూ కలిసేచోట, మెట్ల గది పక్కన పాతిన కర్రకి కేబుల్ ఎక్కి ఉంది. అక్కణ్ణుంచి గోడలోని గొట్టం గుండా కింద గదిలోకి దిగుతుంది. పైన ఆ జాయింటు విప్పి చూడాలని ఆమె ఉద్దేశం. మొగుణ్ణి ఎవరో చొక్కా కోసం పట్టుకుపోయారు. అందుకని కింద రేడియో ముందు అత్తగారిని కూర్చోబెట్టింది.

“అత్తయ్యా, నేను పై నుంచి కర్రతో నేల మీద గట్టిగా కొడతాను. అప్పుడు ఈ మీట నొక్కి, ముల్లు ఎక్కడుందో చూడండి. నేను కొట్టందే నొక్కకండి.”

“నేనేమన్నా చిన్నపిల్లనా?” అంది అత్తగారు, కళ్ళజోడు సర్దుకుంటూ. ఆ కళ్ళజోడు అద్దాలు కోడలు స్వయంగా అరగదీసినవే. వీధిలో అందరికీ చెప్పుకుంటుంది.

అద్దాలక్క పైన జాయింటు విప్పి కేబుల్ని యాంటెనా నుంచి పూర్తిగా ఊడదీసింది. కనెక్టరు తళతళలాడుతోంది. ఎక్కడా తుప్పు లేదు. ఇందులోనూ ఏమీ లేదా అని విసుగొచ్చి చేతిలో పానా అవతల పడేసింది. అది డాబా మీద ఠంగున మోగింది. గుడ్డ తెచ్చుకుందామని కిందికి దిగింది.

అత్తగారు మీట మీద వేలు పెట్టి, మీటరు దగ్గరికి ముఖం వంచి కూర్చుని ఉంది.

“బాగుందమ్మాయ్! ముల్లు హాయిగా పడుకుంది. నువ్వు కొట్టగానే నొక్కాను. కదల్లేదు మెదల్లేదు.”

“అయ్యో అత్తయ్యా! నేనింకా అక్కడుండగా నొక్కితే నాకు షాకు కొట్టదూ? నేనెక్కడ కొట్టాను, పానా కింద పడింది!” అని కేకేయబోయి, మధ్యలోనే ఆగిపోయింది.

పైన కేబుల్ ఊడదీసి ఉంది. దాని చివర యాంటెనా లేదు. ఏమీ లేదు. పంపిన శక్తి మొత్తం గోడకి కొట్టిన బంతిలా వెనక్కి రావాలి. ముల్లు లేచి గంతులేయాలి.

“అత్తయ్యా, మళ్ళీ నొక్కండి.”

అత్తగారు బెదురుగా చూస్తూ నొక్కింది. ముల్లు పడుకునే ఉంది.

అద్దాలక్క కుర్చీ పక్కన కింద కూర్చుండిపోయింది. చివర యాంటెనా ఉన్నా బాగుందంటుంది, లేకపోయినా బాగుందంటుంది. అంటే ఇటు నుంచి పంపింది అటు చేరట్లేదు, చేరని దానికి వెనక్కి రావటమెక్కడిది? డాబా ఎక్కే దారిలో కేబులే దాదాపు మొత్తం మింగేస్తోంది. వచ్చే గొంతుల్లో మిగిలిన కాస్తని రేడియో పెంచి వినిపిస్తుంది, పోయే గొంతుకి ఆ సాయం లేదు. వెనక్కి ఏమీ రాలేదు కాబట్టి మీటరు పాపం అంతా బాగుందనుకుంటోంది. మీటరు అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు, తనతో సహా.

“ఏమైందే? నేనేమన్నా పాడుచేశానా?”

“లేదత్తయ్యా. క్లబ్బులో ఒక్కడూ పట్టుకోలేనిది మీరు పట్టుకున్నారు.”

అత్తగారికి అర్థం కాలేదు గానీ, నిటారుగా కూర్చుంది.

కేబుల్ మొత్తం గొట్టంలోంచి లాగి వరండాలో పరిచారు. అప్పటికి టైలరు తిరిగొచ్చాడు. ఆయన పెద్ద కత్తెర అందుకుని, సరిగ్గా మధ్యలో కోశాడు. లోపలి నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారాయి. నల్లటి నీళ్ళు. పై తొడుగు ఒలిస్తే, మెరవాల్సిన రాగి అల్లిక బొగ్గులా నల్లగా ఉంది. ఇంకోచోట కోశాడు. అక్కడా అంతే.

“ఇది కొత్తదన్నావు కదే?”

కొత్తదే. కొత్తదని ఇచ్చారు. క్లబ్బుకి ఎవరో దాత ఒక పెద్ద చుట్ట కేబుల్ ఇస్తే, సభ్యులందరికీ కోసి పంచారు. నిరుడు ఎండాకాలంలో ప్రెసిడెంటు స్వయంగా ఈమె వాటా కారులో వేసుకుని వచ్చాడు. కొసలకి కొత్త కనెక్టర్లు ముందే బిగించి తెచ్చాడు. “ఆడవాళ్ళు డాబాలెక్కి ఈ పాట్లెందుకు పడటం చెల్లెమ్మా, నేనుండగా,” అని కర్ర దగ్గర తనే తగిలించి, గొట్టంలోకి తనే దించి, కాఫీ తాగి వెళ్ళాడు. ఆమె రెండు చేతులా దణ్ణం పెట్టింది. ఆ ఎండలో అది బాగానే పనిచేసింది. వానలు మొదలయ్యాకే గొంతు తగ్గింది. అప్పుడు చూసుకున్నదల్లా రెండు కొసలే. రెండూ కొత్తవే, తళతళలాడేవే.

టైలరు మోకాళ్ళ మీద కూర్చుని, కేబుల్ని వేళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా లాగుతున్నాడు. బట్టలో లోపం వెతికేటప్పుడు ఆయన చేసే పని అదే.

“ఇక్కడ జిగురు ఉంది,” అన్నాడు. ఇంకొంచెం లాగాడు. “ఇక్కడా ఉంది. ఇక్కడా. అన్నీ ఒకే ఎడంలో ఉన్నాయి. టేపు చుట్టి చాలాకాలం ఉంచి, తర్వాత ఊడబెరికినట్టు. తొడుగు ఈ జిగురు కిందే బీటలు వారింది చూడు. మనం దీనికి ఎక్కడా టేపు చుట్టలేదే?”

వాళ్ళు చుట్టలేదు. గొట్టంలో దిగే కేబుల్‌కి టేపెందుకు? టవరు మీద ఎక్కించే కేబుల్‌కి చుడతారు, గాలికి ఊగకుండా అడుగడుక్కీ ఇనప కమ్మీకి కట్టి. వాళ్ళ క్లబ్బు మొత్తానికి టవరున్నది ఒక్కడికే.

అద్దాలక్కకి కోపం వెంటనే రాలేదు. ముందు నవ్వొచ్చింది, అదో రకం నవ్వు. తర్వాత కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత వచ్చింది కోపం. అరికాలి మంట నెత్తికెక్కింది. తన టవరు మీద కుళ్ళిపోయిన దాన్ని దించి, కొసలకి కొత్త కనెక్టర్లు తొడిగి తన మొహాన కొట్టాడు. తనకి రావలసిన కొత్తది ఎక్కించుకున్నాడు. పోనీ కక్కుర్తి అనుకుందాం. కానీ తుఫాను తర్వాత మీటింగులో నిలబడి ఉండీ లేనట్టే అన్నాడే! అన్నప్పుడు ఆ కేబుల్ ఎక్కడిదో వాడికి తెలుసు. తెలిసే అన్నాడు. తనని తల దించుకోనిచ్చాడు. క్వారీ మనిషి కాలు పోయిన పాపం ఇన్నాళ్ళూ తన మెడకి తగిలించి, రోజూ పొద్దున చెల్లెమ్మా అని పలకరించాడు.

టైలరు లేచి నిలబడ్డాడు. జన్మలో ఎవరినీ గట్టిగా ఒక మాటనని మనిషి, కత్తెర చేతిలో పట్టుకునే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

“ఎక్కడికి?”

“వాడింటికి.”

“కత్తెరతోనా?”

ఆయన చేతిలోకి చూసుకుని, కత్తెర కింద పెట్టాడు. చెప్పులు మాత్రం వేసుకున్నాడు.

“మీరు వెళ్తే ఏమంటాడో తెలుసా? చూశారా, చివరికి మొగుణ్ణి పంపింది అంటాడు. కూర్చోండి. సాయంత్రం పరీక్ష ఉంది. వాడి సంగతి గాలిలోనే చూద్దాం.”

ఆదివారం పూట కొత్త కేబుల్ అమ్మే షాపు తెరిచి ఉండదు. కానీ కేబులే దొంగ అని తేలాక, కేబుల్‌తో పనేముంది? యాంటెనా కిందికి రాలేకపోతే రేడియో పైకి పోతుంది. ఆ ఆలోచన రాగానే ఆమె ఇంకో ఆలోచన పెట్టుకోలేదు. మెట్ల గదిలో విరిగిన కుర్చీలూ, పాత పరుపూ, అత్తగారు పారేయనివ్వని డబ్బాలూ ఒక మూలకి నెట్టారు. టైలరు బ్యాటరీని పొట్టకి ఆనించుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ, రొప్పుతూ పైకి చేర్చాడు. మీటరుకి వాడే చిన్న తీగ, డమ్మీ లోడ్‌కి వాడే చిన్న తీగ కలిపి, కిటికీలోంచి బయటికి తీసి కర్ర మీద కొసకి తగిలించింది. చాలీ చాలనట్టుగా చాలింది.

సాయంత్రం ముందు ప్రెసిడెంటు పిలిచాడు. అందరూ బాగుందన్నారు. బాగుండక ఏం, కొత్త కేబులాయె.

“ఇప్పుడు చెల్లెమ్మ వంతు. కాస్త ఓపిక పట్టి చెవి పెట్టి వినండి,” అన్నాడు.

ఆమె మీట నొక్కి పిలిచింది. గట్టిగా అరవలేదు. మామూలుగా, షాపులో గిరాకీతో మాట్లాడినట్టు మాట్లాడింది.

 వెంటనే కాంపౌండరు గొంతు ఎగిరి గంతేసినట్టు వచ్చింది. “ఫైవ్ నైన్, అక్కా! పూర్తి మార్కులు! స్పీకరు తగ్గించుకోవాల్సొచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు ఈ గొంతు?”

“ఫైవ్ నైన్ అక్కా,” అన్నాడు లారీ డ్రైవరు. “ఇంజను చప్పుడు మీద కూడా వినబడుతోంది.”

ఒకరి తర్వాత ఒకరు అదే మాట. అద్దాలక్క తలుపుకి ఆనుకుని వింటోంది. అత్తగారు పాత పరుపు మీద కూర్చుని ప్రతి మాటకీ తల ఊపుతోంది.

“బాగుంది, బాగుంది,” అన్నాడు ప్రెసిడెంటు చివర్లో. “మొత్తానికి బావగారు బాగుచేసినట్టున్నారు. నా తరఫున అభినందనలు చెప్పండి. ఓవర్.”

ఆమె మీట నొక్కింది.

“మా ఆయన బట్టలు కుడతారండీ. యాంటెనా నేను చూశాను. లోపం కేబుల్లో ఉంది. క్లబ్బు పంచిన కొత్త కేబులని మీరు నాకు తెచ్చి తగిలించింది కొత్తది కాదు. టవరు మీంచి దించిన పాతది. పొడుగూతా టేపు జిగురు మచ్చలున్నాయి. కోస్తే నల్ల నీళ్ళు కారాయి. కొత్త కనెక్టర్లు తొడిగి ఇచ్చారు కాబట్టి నేను పట్టుకోలేకపోయాను. నిరుడు తుఫాన్లో నా మాట పోనివ్వనిది అదే. ఆ కేబుల్ నా దగ్గరే ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఓవర్.”

 

“చెల్లెమ్మా,” అన్నాడు ప్రెసిడెంటు. తేనె అలాగే ఉంది. “మీ మాట మధ్యలో తెగిపోయింది. ఏమీ అర్థం కాలేదు. ఇంతకీ స్టేషను ఎక్కడ పెట్టారు?”

“మెట్ల గదిలో.”

ఇది మాత్రం వెంటనే వినబడింది ఆయనకి. “అదీ సంగతి. మెట్ల గదిలో పెట్టింది తాత్కాలిక ఏర్పాటు. నియమాల ప్రకారం చెల్లదు. అయినా మాట మధ్యలో తెగుతోంది కూడా.”

“నాకు ఎక్కడా తెగలేదండీ,” అని కాంపౌండరు మధ్యలో దూరాడు. “కావాలంటే అక్క చెప్పిందంతా మళ్ళీ చెబుతాను.”

“ఇది వాదనలు పెట్టుకునే చోటు కాదు. ఈ వానాకాలానికి కూడా కంట్రోల్ నా దగ్గరే ఉంటుంది. చెల్లెమ్మగారి స్టేషను తుఫాను రోజుల్లో వింటే చాలు. సెలవు.”

టక్కున కట్టేశాడు.

అద్దాలక్క మైకు కింద పెట్టింది.  “వినబడలేదంట,” అంది. “నియమమంట. దొంగ వెధవ! నిజం చెబితే తెగిపోయిందంట!” అని ఏడ్చేసింది. ఏడుస్తున్నందుకు తన మీద తనకే ఇంకా కోపం వచ్చింది.

“తెగటమేంటే?” అంది అత్తగారు, తనకే అవమానం జరిగినట్టు. “నాకు సగం చెవుడు. నాకే ప్రతి ముక్కా వినబడింది.”

టైలరు కిందికి పోయి, ఆ కేబుల్ ముక్కలన్నీ చుట్ట చుట్టి, ఎవరొచ్చినా చూసేలా వీధి గుమ్మం పక్కన మేకుకి తగిలించాడు.

సోమవారం పొద్దున షాపుకి వెళ్ళే ముందు ఆమె మెట్ల గదిలోకి వెళ్ళింది. మాట్లాడాలని కాదు. ఎలాగూ వినటమే మిగిలింది కదా, విందామని. రేడియో పెట్టింది. టైలరు వెనకాలే టీ గ్లాసులు పట్టుకుని ఎక్కొచ్చాడు.

“అందరికీ శుభోదయం. కంట్రోల్ పిలుస్తోంది. హాజరు పలకండి. ఓవర్.”

ప్రెసిడెంటు గొంతు రోజూలాగే నిండుగా వచ్చింది. రోజూ ఆయన మాట ముగిసీ ముగియకముందే కాంపౌండరు పలుకుతాడు. ఇవాళ పలకలేదు. డ్యూటీలో ఉన్నాడేమో అనుకుందామె. లారీ డ్రైవరూ పలకలేదు.

“కంట్రోల్ పిలుస్తోంది. హాజరు. ఓవర్.”

ఎవరూ లేరు. స్పీకర్లో గాలి హోరు తప్ప ఏమీ లేదు.

మళ్ళీ పిలిచాడు. మైకు మీద వేలితో టకటకా కొట్టి చూశాడు. ఆ టకటకలు కూడా చక్కగా వినిపించాయి. ఒక్కరూ బదులివ్వలేదు. అప్పుడు ఆయన గొంతులో తేనె మొదటిసారి కాస్త పలచబడింది.

“ఎవరైనా... వింటున్నారా? నా మాట అందుతోందా?”

 తర్వాత కాంపౌండరు వచ్చాడు, రోజుటికన్నా గంభీరంగా.

“అద్దాలక్క కంట్రోల్, అద్దాలక్క కంట్రోల్. కొండ ఆసుపత్రి హాజరు. ఓవర్.”

ఆమె టీ గ్లాసు కింద పెట్టి రేడియో దగ్గరికి జరిగింది.

“అక్కా, లారీ హాజరు. పెట్రోలు బంకు దగ్గరున్నాను. ఓవర్.”

ఒకరి వెనక ఒకరు. ఇల్లు పల్లంలో ఉందన్నాయన హాజరు. సూర్యుడు బాలేడన్నాయన హాజరు, కొంచెం సిగ్గుపడుతూ. ఎవరూ ఎవరితోనూ ప్రెసిడెంటు ఊసెత్తలేదు, ఏ నియమమూ చదవలేదు. ఆమెని పిలిచి, ఆమె జవాబు కోసం ఆగారు, అంతే. కంట్రోల్ అంటే టవరు కాదు, కుర్చీ కాదు. నలుగురూ ఎవరికి పలికితే వాళ్ళదే. ఇన్నాళ్ళూ ఆ నలుగురూ అతనికి పలికారు కాబట్టే అతను కంట్రోల్. ఆ సంగతి ఆమెకి పుస్తకాల్లో చదివినప్పుడు అర్థం కాలేదు. మైకు తీసుకుని, ఒక్కొక్కరి హాజరూ అందినట్టు చెప్పింది. 

హాజరు అయిపోయింది. ఎవరూ సెలవు తీసుకోలేదు. అందరూ వింటూ ఉన్నారు.

“ఎవరికైనా వినిపిస్తోందా?” ప్రెసిడెంటే మళ్ళీ. ఇప్పుడా గొంతులో లాయరూ లేడు, అధ్యక్షుడూ లేడు. “నాకు మీరందరూ వినబడుతున్నారు. నేనే ఎవరికీ అందుతున్నట్టు లేను. నా యాంటెనాలో ఏదో తేడా వచ్చినట్టుంది. ఎవరైనా ఒక్క మాట... వినబడుతోందో లేదో చెప్పండి. ఓవర్.”

టైలరు ఆమె మొహంలోకి చూశాడు. “పలక్కు,” అన్నాడు మెల్లగా. “అరవనీ. నువ్వు అరిచినంతసేపు అరవనీ.”

ఆమెకి కూడా అదే అనిపించింది. దీపం లేని గదిలో తను ఎంతసేపు అరిచిందో, వంతెన దాకా పోయి తిరిగొచ్చిన అంబులెన్సులో ఆ మనిషి ఎంతసేపు అరిచాడో, అంతసేపూ ఈయన్ని అరవనివ్వాలని. వేలు మీట దగ్గర ఆగింది. కానీ వినబడింది వినబడలేదని చెప్పటం తనవల్ల కాదు. ఈ గాలిలో ఆ ఒక్క అబద్ధం ఎవరికి ఏమి చేస్తుందో ఆమె చూసింది.

మీట నొక్కింది.

“ప్రెసిడెంటు గారూ, మీ యాంటెనాలో ఏ లోపమూ లేదు. ఫైవ్ నైన్. మీరు మా అందరికీ చక్కగా వినబడుతున్నారు. ఓవర్.”